హైదరాబాదులో మొదటి రివాల్వర్: ఎంచుకోవడానికి మిగిలేది ఎంత?

లైసెన్స్ మంజూరైందని తెలియగానే చాలామంది ఫోను తీసి వెతకడం మొదలుపెడతారు. నమ్మకంగా పనిచేసేది, ధర అందుబాటులో ఉన్నది, మొదటిసారి కొనేవాళ్లకు తగినది ఏదని అడిగితే గ్లాక్, సిగ్ సావర్, రూగర్ పేర్లు వరసగా వస్తాయి. దాదాపు అన్నీ 9 ఎంఎం పిస్తోళ్లే, ధరలన్నీ డాలర్లలోనే. ఆ జాబితా పట్టుకుని నగరంలో ఏ ఆయుధాల దుకాణం మెట్లెక్కినా కౌంటరు వెనకున్న పెద్దాయన ఓపిగ్గా విని, చివరికి ".32లో ఏం చూపించమంటారు?" అని అడుగుతాడు.

అమెరికావాడు నెలల తరబడి బేరీజు వేసుకునే విషయాల్లో సగానికి పైగా మన దగ్గర చట్టం ముందే తేల్చేసింది. బోరు, అంటే ఎంత లావు తూటా పట్టే గొట్టమో, తేల్చింది; ఎక్కడ తయారైంది కొనాలో తేల్చింది, ఎన్ని కొనవచ్చో కూడా తేల్చింది. మనకు మిగిలిన జాగా చిన్నది. కానీ ఆ చిన్న జాగాలోనే జనం తప్పటడుగులు వేస్తున్నారు.

బోరు సంగతి ముందు చూద్దాం. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన నియమావళి తుపాకుల్ని నిషిద్ధ బోరు, నిషిద్ధం కాని బోరు అని విడదీశాయి. సైన్యం, పోలీసులు వాడే తూటా పట్టే పిస్తోలు మొదటి కోవలోకి పోతుంది. 9 ఎంఎం సామాన్యుడికి అందనిది, దుకాణంలో పెద్దాయన .32 (అంగుళాల్లో కొలత) అడిగింది అందుకే. ప్రభుత్వ తూటాలు ఎక్కడైనా బయటికి జారినా వాటిని పేల్చగలిగే తుపాకీ జనం దగ్గర ఉండకూడదన్నది దీని వెనక తర్కం. బ్రిటిష్ వాళ్ల కాలం నాటి భయం అది, ఇప్పటికీ పోలేదు. నిషిద్ధ బోరుకు అనుమతి కావాలంటే కేంద్ర హోంశాఖ దాకా వెళ్లాలి. ప్రాణానికి తీవ్రమైన ముప్పు ఉందని నిరూపించుకోవాలి.

రెండో హద్దు దిగుమతి. 1980లలో మూసుకున్న ఆ తలుపు పేరున్న క్రీడా షూటర్లకు తప్ప మామూలు లైసెన్సుదారుకు ఇప్పటికీ తెరుచుకోలేదు. కాబట్టి విదేశీ పిస్తోలు కావాలంటే అంతకు ముందు దేశంలోకి వచ్చినదాన్ని మరో లైసెన్సుదారు దగ్గర కొనుక్కోవాలి. ఎప్పటిదో జర్మన్ వాల్తర్, ఇంగ్లీషు వెబ్లీ లక్షల్లో పలుకుతున్నాయంటే వాటి పనితనానికి కాదు ఆ ధర, కొరతకు. కొత్తవాడు గుర్తుంచుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. మన అంగడిలో ధరను చూసి నాణ్యతను అంచనా వేయలేం.

ఇక లైసెన్స్. హైదరాబాదులో అది ఇచ్చేది మీ ప్రాంతం ఏ కమిషనరేట్ కిందికి వస్తే అక్కడి పోలీసు కమిషనర్; జిల్లాల్లో అయితే కలెక్టర్. వయసు 21 నిండాలి. మానసిక, శారీరక ఆరోగ్యంపై వైద్యుడి ధ్రువపత్రం, ఆయుధాన్ని భద్రంగా దాచే ఏర్పాటు, సురక్షితంగా వాడటంలో శిక్షణ ఇవన్నీ నియమావళిలో ఉన్నవే. స్థానిక పోలీసులు విచారించి నివేదిక ఇస్తారు. వృత్తి, వ్యాపారాల వల్ల ప్రాణానికో ఆస్తికో రక్షణ నిజంగా అవసరమైనవారు, రైఫిల్ సంఘంలోనో షూటింగ్ క్లబ్బులోనో సభ్యులై రెండేళ్లుగా సాధన చేస్తున్న క్రీడాకారులు, సైన్యంలోనో పోలీసు శాఖలోనో పనిచేసినవారు పరిశీలనకు వస్తారు. దరఖాస్తు పెట్టుకున్నంత మాత్రాన హక్కు వచ్చేయదు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, దాని మీద అప్పీలు చేసుకోవచ్చు.

శివార్లలో ఎకరం ధర కోట్లకు చేరినప్పటి నుంచి నడుముకు హోల్‌స్టర్ కట్టుకుని పెళ్లిళ్లకు వచ్చేవారు పెరిగారన్నది ఈ నగరంలో అందరూ చూస్తున్నదే. వారిలో ఎందరికి నిజంగా ముప్పుందో నాకు అనుమానమే. హోదా కోసం కొనేవారికి ఈ వ్యాసంతో పనిలేదు. వారు చూసేది మెరుపు, పేరు. అవసరం కోసం కొనేవారికే ఈ లెక్కలన్నీ.

సరే, లైసెన్స్ వచ్చింది. దుకాణంలో ఏమున్నాయి? ఎక్కువగా కనిపించేవి కాన్పూరులో తయారైన .32 రివాల్వర్లు. 2021 అక్టోబరు 1న ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలను నడిపిన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడగొట్టాక వీటిని చేసే ఫ్యాక్టరీలు అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా అనే సంస్థ కిందికి వచ్చాయి. (మన మెదక్ ఫ్యాక్టరీ ఆ విభజనలో వేరే కంపెనీకి వెళ్లింది, అక్కడ చేసేది సాయుధ వాహనాలు, చిన్న తుపాకులు కావు.) పాత కాన్పూరు రివాల్వర్ వెబ్లీ నమూనాకు వారసురాలు: ఆరు తూటాలు, పై గొళ్లెం నొక్కితే బ్యారెల్ ముందుకు వంగి మధ్యలో తెరుచుకుంటుంది, పేలిన తూటాల ఖాళీ తొడుగులు ఒక్కసారిగా పైకి లేస్తాయి. 2014లో వచ్చిన నిర్భీక్ ఇదే తరహాలో టైటానియం మిశ్రమలోహంతో చేసినది, బరువు అర కిలో. మహిళల కోసమని ప్రచారం చేశారు, ధర మాత్రం లక్షా ఇరవై వేలు దాటించారు. 2023 ఆగస్టులో ప్రబల్ వచ్చింది. ఇందులో తూటాల గదులుండే సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. దేశంలో తయారైన రివాల్వర్లలో ఈ ఏర్పాటు ఉన్న మొదటిది ఇదేనని సంస్థ చెప్పుకుంది. బరువు 700 గ్రాములు, బ్యారెల్ 76 మిల్లీమీటర్లు. 50 మీటర్ల దాకా గురి అన్నది ప్రకటనల్లో పెద్దగా వేశారు. ఇంటి గడప దగ్గర నాలుగడుగుల దూరంలో వచ్చే ఆపదకు 50 మీటర్లతో ఏం పనో అర్థం కాదు.

ఇవి కాక ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వారి అశని అనే .32 పిస్తోలు ఉంది, చేతిలో ఇమిడిపోయే.22 రివాల్వర్ నిడర్ ఉంది. ప్రైవేటు రంగంలో వెబ్లీ అండ్ స్కాట్ పేరుతో ఉత్తరప్రదేశ్‌లో రివాల్వర్లు తయారవుతున్నాయి.

రివాల్వరా, పిస్తోలా? మనకు నిజంగా మిగిలిన ఎంపిక ఇక్కడే మొదలవుతుంది. నా మాట సూటిగా చెబుతాను: మొదటి ఆయుధంగా, ఏడాదికి కొద్దిసార్లే పేల్చే మనిషికి, రివాల్వరే మేలు. తుపాకీ నమ్మకమైనదా కాదా అన్నది చాలావరకు తూటా మీద ఆధారపడుతుంది. మన లైసెన్సుదారులు తూటాలను బీరువాలో ఏళ్ల తరబడి దాచి, మార్చకుండా అలాగే నింపి ఉంచుతారు. పాత తూటా పేలకపోతే రివాల్వర్‌లో మళ్లీ ట్రిగ్గర్ లాగితే సిలిండర్ తిరిగి తర్వాతి తూటా, దాన్ని కొట్టి పేల్చే సుత్తి కిందికి వస్తుంది. పిస్తోలులో అయితే రెండు చేతులతో స్లైడు (పైన జారే భాగం) వెనక్కి లాగి, చెడిన తూటాను బయటకు తోసి, కొత్తదాన్ని ఎక్కించాలి. సాధన ఉన్నవాడికి అది క్షణం పని. లేనివాడికి చేతులు వణుకుతున్న వేళ అసాధ్యం. దానికి తోడు మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసేశాం కదా, ఖాళీయే అనుకునే ప్రమాదం పిస్తోలులో ఉంది; తూటా పేలే గదిలో, అంటే ఛాంబర్‌లో, ఒకటి మిగిలి ఉండవచ్చు. రివాల్వర్ తెరిస్తే ఆరు గదులూ కంటికి కనిపిస్తాయి.

రివాల్వర్‌కు ఒక లోటు లేకపోలేదు. మన ఫ్యాక్టరీల పాత నమూనాల్లో ట్రిగ్గర్ బాగా బరువు. సుత్తి ముందే వెనక్కి లాగి పెట్టుకోకుండా నేరుగా ట్రిగ్గర్‌తోనే పేల్చాలంటే వేలికి చాలా బలం కావాలి. ఆ లాగుడులో గురి కిందికో పక్కకో జారుతుంది. కాబట్టి మీ కోసం మరొకరిని పంపి కొనిపించకండి. ఇంట్లో దాన్ని వాడబోయే చేయి ఏదో ఆ చేతికే లైసెన్స్ ఉండాలి, ఆ చేయే దుకాణంలో ట్రిగ్గర్ లాగి చూడాలి. తేలికది హాయిగా ఉంటుందనుకుని అర కిలోది కొంటారు. అదే తూటాకు తేలిక ఆయుధం ఎక్కువ తంతుంది. .32లో ఆ తాపు పెద్దది కాదు గానీ తేడా తెలుస్తుంది.

.32 అన్నది ఒకే తూటా కాదు. లైసెన్స్ పుస్తకంలో బోరు ఒకటే కనిపించినా రివాల్వర్‌లో వాడేది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్, పిస్తోలులో వాడేది .32 ఏసీపీ; దీన్నే 7.65 ఎంఎం అంటారు. రివాల్వర్ తూటాకు అడుగున వెడల్పైన అంచు ఉంటుంది, సిలిండర్ గదిలోంచి జారిపోకుండా ఆపేది అదే. పిస్తోలు తూటాకు ఆ అంచు పేరుకు మాత్రమే ఉంటుంది, మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి సర్దుకోవాలి కనుక. పిస్తోలు తూటా కొన్ని రివాల్వర్ల గదుల్లో దూరుతుంది కూడా. దూరింది కదా అని పేల్చకూడదు. దాని పీడనం ఎక్కువ, పాత రివాల్వర్ దానికోసం చేసింది కాదు. డబ్బా మీద పేరు చదివి కొనండి, అడుగున ముద్ర చూసుకోండి. పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీ తూటాల మీద కేఎఫ్ అన్న ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి.

.32 బలం గురించి కూడా కొంచెం. శక్తి లెక్కల్లో ఇది 9 ఎంఎంలో మూడో వంతుకు అటూఇటూ. దీన్ని ఎగతాళి చేసేవాళ్లు ఉన్నారు. కానీ మొదటిసారి తుపాకీ పట్టినవాడికి తక్కువ తాపు, తక్కువ చప్పుడు ఉన్న తూటాతో గురి త్వరగా కుదురుతుంది. తగలని పెద్ద తూటా కంటే తగిలే చిన్న తూటా నయం. .22 ఇంకా సాధు, ఇంకా చవక. సాధనకు అదే హాయి. ఆత్మరక్షణకు మాత్రం నేను సిఫారసు చేయను. అంచులో మందు ఉండే ఆ తూటాల్లో పేలకుండా మొరాయించేవి ఎక్కువ.

ధర విషయంలో "అందుబాటు" అన్న మాట మన దగ్గర కాస్త నవ్వు తెప్పిస్తుంది. రివాల్వర్లు, పిస్తోళ్ల మీద జీఎస్టీ ఇదివరకు 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి పాన్ మసాలా, విహార నౌకల సరసన చేర్చి 40 శాతం చేశారు. లక్షా నలభై వేల మూల ధర ఉన్న రివాల్వర్‌కు పన్నే 56 వేలు. దీని మీద దుకాణదారు లాభం, హోల్‌స్టర్, తాళం పెట్టె, తూటాలు. రెండు లక్షలు చేతిలో లేనిదే కొత్తదాని గురించి ఆలోచించడం దండగ. అందుకే చాలామంది చూపు పాతవాటి మీద పడుతుంది.

పాతది కొనడం తప్పు కాదు, చూడటం తెలియాలి. దుకాణంలో చేతికి ఇవ్వగానే ముందు తెరిచి గదులన్నీ ఖాళీ అని మీ కళ్లతో చూసుకోండి, దుకాణదారు చూసి ఇచ్చినా సరే. ఖాళీ ఆయుధం మీద సుత్తి పడటం కొన్ని పాత నమూనాలకు మంచిది కాదు, కాబట్టి ఉత్తుత్తి తూటాలు పెట్టి చూపించమని అడగండి. సుత్తిని బొటనవేలితో మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి లాగండి. సుత్తి పూర్తిగా వెనక్కి చేరేసరికి సిలిండర్ టక్కున తాళం పడాలి. సుత్తి ఆగాక కూడా సిలిండర్ ఇంకాస్త తిరిగి కూర్చుంటోందంటే గది, బ్యారెల్ ఒకే గీతలోకి రాకముందే తూటా పేలే అవకాశం ఉంది. సీసపు తునకలు పక్కలకు చిమ్ముతాయి. ఆరు గదులకూ విడివిడిగా చూడాలి, ఒక్కటి బాగుంటే సరిపోదు. సుత్తి వెనక్కి పెట్టి ఉన్నప్పుడు వెనక నుంచి బొటనవేలితో ముందుకు నెట్టి చూడండి. ట్రిగ్గర్ ముట్టకుండా అది పడిపోతే ఆ రివాల్వర్ అక్కడే వదిలేసి రండి. తర్వాత సిలిండర్‌ను ముందుకీ వెనక్కీ కదపండి. వెంట్రుకవాసి కదలిక సహజం, గలగలమంటే అరిగిపోయిందని అర్థం. మధ్యలో తెరుచుకునే రకమైతే బ్యారెల్ పట్టుకుని ఊపి చూడాలి. గొళ్లెం దగ్గర వదులైతే బాగుచేయించడం కష్టం. చివరగా బ్యారెల్‌ను వెలుతురు వైపు పెట్టి లోపల చూడండి. చిన్నచిన్న తుప్పు గుంటలు ఫర్వాలేదు. లోపల నల్లని ఉంగరంలా ఒక చార కనిపిస్తే ఎప్పుడో లోపల తూటా ఇరుక్కుని, దాని వెనక మరొకటి పేల్చి ఉంటారు. అక్కడ లోహం ఉబ్బింది. ఎంత పేరున్న విదేశీ సరుకైనా వద్దు.

వీటన్నిటికీ ముందు ఆయుధం మీద చెక్కిన నంబరూ అమ్మేవారి లైసెన్సులో రాసిన నంబరూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. లైసెన్స్ లేకుండా చేతులు మారేవి, బిహార్‌లోని ముంగేర్ వంటి చోట్ల నుంచి వచ్చే తపంచాలు, నాటు పిస్తోళ్లు పది ఇరవై వేలకు దొరుకుతాయని చెవిలో ఊదేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. 2019 సవరణ తర్వాత అక్రమంగా ఆయుధం ఉంచుకుంటే శిక్ష కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు. నిషిద్ధ ఆయుధమైతే ఏడు నుంచి పద్నాలుగేళ్లు. శిక్ష సంగతి అలా ఉంచినా, నీళ్ల పైపు గొట్టంతో చేసిన బ్యారెల్ ఎదుటివాడి కంటే ముందు పేల్చినవాడి వేళ్లు తీస్తుంది.

నన్ను అడిగితే రివాల్వర్ కంటే ముందు కొనాల్సింది ఒకటుంది: 4.5 ఎంఎం ఎయిర్ పిస్తోలు. బోరు .177 అంగుళం (4.5 ఎంఎం అంటే అదే) మించకుండా, శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉంటే దానికి లైసెన్స్ అక్కర్లేదు. చూపు కుదరడం, ఊపిరి బిగబట్టడం, వేలు కదిలినా మణికట్టు కదలకపోవడం అన్నీ దానితోనే వస్తాయి. పది మీటర్ల దూరంలో కాగితం మీద నల్ల చుక్కకు గురిపెడితే ఒక సాయంత్రానికి వందసార్లు పేల్చినా ఖర్చు లెక్కలోకి రాదు. అసలు తూటాల విషయంలో ఒకసారి ఎన్ని ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో లైసెన్సు పుస్తకమే రాసిపెడుతుంది కనుక వాటితో చేయి తిరగడం కష్టం. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర కట్టిన షూటింగ్ రేంజ్ ఈ నగరానికి ఉంది. లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచిన పిస్తోలు షూటర్ ఈషా సింగ్ ఈ ఊరివాళ్లే. ఇంత వసతి ఉండి కూడా ఏడాదికొకసారైనా రేంజ్ మొహం చూడని లైసెన్సుదారులు ఎందరో.

కొన్నాక దానితో బతకడం వేరే సంగతి. లైసెన్స్ ఒక్క తెలంగాణకే చెల్లేదైతే విజయవాడలో పెళ్లికి కారులో వెళ్తూ కోదాడ దాటగానే మీరు చట్టం దృష్టిలో నేరం చేసినట్టే. మెట్రో రైల్లోకి తీసుకుపోలేరు. విమానంలో అయితే ఖాళీ చేసి, ముందే చెప్పి, లగేజీలో వేయాలి. ఎన్నికల వేళ పోలీసులు ఆదేశిస్తే స్టేషన్‌లోనో లైసెన్సున్న దుకాణంలోనో అప్పగించి రసీదు తీసుకోవాలి. అసెంబ్లీ, లోక్‌సభ, మున్సిపల్ అంటూ ఎన్నికలు వరసగా వచ్చిన కాలంలో చాలా రివాల్వర్లు యజమాని ఇంట్లో కంటే స్టేషన్ గదిలోనే ఎక్కువ కాలం గడిపాయి. ఆయుధాన్ని తిరిగి తెచ్చుకున్న రోజునే తెరిచి, తుడిచి, నూనె వేయండి. ఎవరి గదిలో ఏ చెమ్మ తగిలిందో తెలియదు. ఇక బరాత్‌లో గాల్లోకి పేల్చే సరదా ఉన్నవారికి: ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చేలా అలా పేల్చితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

ఇంట్లో పిల్లలుంటే తూటాలు ఒకచోట, ఆయుధం మరోచోట, రెండూ తాళంలో. దిండు కింద రివాల్వర్ అన్నది సినిమాల్లో చూడటానికే. దొంగ కంటే ముందు దాన్ని అందుకునేది ఇంట్లో పసివాడో, కోపంలోనో దిగులులోనో ఉన్న మనిషో కావచ్చు.

దుకాణానికి వెళ్లే ముందు ఇంటి బీరువా కూడా ఒకసారి చూడండి. హైదరాబాదులో పాత కుటుంబాల్లో చాలామందికి మొదటి ఆయుధం నాన్న దగ్గర నుంచే వస్తుంది, ఎప్పటిదో.32 వెబ్లీ, తోలు సంచిలో. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం తీసుకుని 25 ఏళ్లు గడిచినా, బతికుండగానే వారసుడి పేరు మీదికి మార్పించే వీలును 2016 నియమావళి ఇస్తోంది. వారసుడికి కూడా మామూలు విచారణే జరుగుతుంది, కానీ రెండు లక్షలు మిగులుతాయి. పైన చెప్పిన పరీక్షలన్నీ ఆ వెబ్లీకీ చేయించండి. నాన్న పోయాక మాత్రం అది బీరువాలో అలాగే ఉండిపోకూడదు. లైసెన్స్ ఆయనతోనే ఆగిపోయింది కనుక ఆలస్యం చేయకుండా స్టేషన్‌లో అప్పగించి, రసీదు జతచేసి, అప్పుడు మీ పేరున దరఖాస్తు పెట్టుకోవాలి.